తప్పు పట్టినవారికి ప్రమోషన్

మా జనరల్ గారికి లోకంలో అందరికంటే ఇష్టమైన మనిషి ఎవరంటే, తన పుస్తకంలో తప్పు పట్టిన మనిషి. పొగడ్త ఆయన చెవికి ఎక్కేది కాదు. "మీ నవల అద్భుతంగా ఉందండీ" అంటే, "అలాగా, ఈవేళ ఎండ కాస్త ఎక్కువగా ఉన్నట్టుంది కదూ" అని మాట మార్చేసేవారు. అదే మనిషి "నూట పన్నెండో పేజీలో మాత్రం ఒక చిన్న పొరపాటు..." అని నసిగితే చాలు, కుర్చీ లాగి వేసి, ఫ్యాను పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, "చెప్పండి, నెమ్మదిగా చెప్పండి, తొందరేం లేదు" అని ఎదురుగా కూర్చునేవారు.

అంతటితో ఊరుకునేవారు కాదు. వారం తిరిగేసరికి ఆ మనిషి ఇంటికి రిజిస్టర్డ్ పోస్టులో ఒక నియామక పత్రం వెళ్ళేది. "ఫలానా పేజీలో ఫలానా తప్పును కనిపెట్టి దళాన్ని పెనుప్రమాదం నుంచి కాపాడినందుకు తమరిని ఏడవ పటాలంలో లెఫ్టినెంటుగా నియమించడమైనది" అని టైపు చేసి, కింద గుండ్రటి ముద్ర, ముద్ర మీద సంతకం. రెండో తప్పు పడితే కెప్టెన్. మూడో తప్పుకి మేజర్.

ఈ ముచ్చటంతా నాకెలా తెలుసంటే, ఆయన పుస్తకాలకు ప్రూఫులు దిద్దింది నేనే. అంటే ఆ తప్పులన్నీ నా కళ్ళముందు నుంచే దర్జాగా దాటిపోయాయన్నమాట. అందువల్ల పాఠకుడికి ప్రమోషన్ వచ్చినప్పుడల్లా నాకు డిమోషన్ వచ్చేది. మొదటి పుస్తకానికి నేను కెప్టెన్ని. మూడో పుస్తకానికి సార్జెంట్ని. ఐదో పుస్తకానికి సిపాయినయ్యాను. సిపాయి కంటే కింద ఇంకేం ఉంటుంది, ఇక భయం లేదనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆరో పుస్తకానికి ఆయన "సిపాయి గారి బూట్ల సంరక్షకుడు" అనే హోదా కొత్తగా సృష్టించి, పత్రం నా టేబులు మీద పెట్టి, భుజం తట్టి వెళ్ళారు.

జనరల్ అన్నానని ఆయనేదో సైన్యంలో పనిచేశారనుకునేరు. ఆ పేరు మేం పెట్టుకున్నది. ఇరవయ్యో ఏట సైన్యంలో చేరదామని మూడుసార్లు వెళ్ళారట. మూడుసార్లూ పాదాలు చదునుగా ఉన్నాయని తిప్పి పంపారు. మూడోసారి డాక్టరు విసుగెత్తి, "పాదాలు మారవు నాయనా, నువ్వే మారు" అన్నాడట. ఆయన మారి, లిఫ్టుల తనిఖీ అధికారి అయ్యారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఊళ్ళో ఉన్న ప్రతి లిఫ్టు ఎక్కి, దిగి, గొలుసులు చూసి, తలుపులు చూసి, తప్పులు రాసుకుని వచ్చారు. రిటైరైన మర్నాడు పొద్దున్న తెల్లకాగితాల కట్ట ముందేసుకుని అంతరిక్ష యుద్ధ నవల మొదలుపెట్టారు.

అందుకే ఆయన యుద్ధనౌకలు మిగతావాళ్ళ నౌకల్లా ఉండవు. ప్రతి నౌకలోనూ గుమ్మం దగ్గర "ఇరవై నలుగురికి మాత్రమే" అని బోర్డు ఉంటుంది. శత్రువు తరుముకొస్తున్నా సరే ఇరవై ఐదోవాడు ఎక్కకూడదు. ఒక నవలలో సేనాధిపతే ఇరవై ఐదోవాడు. ఆయన కోసం దిగిపోవడానికి ఇరవై నలుగురూ లేచి నిలబడితే, అందరినీ కూర్చోబెట్టి తలుపు బయటినుంచి తానే మూసి, తర్వాతి నౌకలో వస్తాడు. ఆ ఘట్టం చదివి నేను ప్రూఫులు దిద్దడం మర్చిపోయాను. ఆయన యుద్ధాల్లో గెలిపించేది ఫిరంగి కాదు. సమయానికి తలుపు మూసినవాడు, గొలుసుకు నూనె రాసినవాడు, కాపలాలో కునుకు తీయనివాడు. అలాంటి మనుషుల్ని పట్టుకుని గ్రహాల మధ్య నిలబెట్టి, వాళ్ళ చేత చరిత్ర నడిపించేవారు.

కానీ మొదటి పుస్తకం వచ్చాక ఆరు నెలలు ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. మా యజమాని, అంటే ఆ ప్రచురణ సంస్థ సొంతదారు, గోదాంలోకి వెళ్ళినప్పుడల్లా ఆ కట్టలకేసి చూసి నిట్టూర్చేవాడు. అప్పుడొచ్చింది మొదటి ఉత్తరం. రాసింది ఒక లారీ డ్రైవరు. "అయ్యా, రెండో అధ్యాయంలో మీ నౌక మూడు గ్రహాలు తిరిగి వచ్చింది. ఎక్కడా ఇంధనం పోయించుకోలేదు. నాకు ఆ బండి ఎక్కడ దొరుకుతుందో చెప్పండి" అని ఉంది.

యజమాని ఆ ఉత్తరాన్ని ఆయనకు చూపించడానికి భయపడ్డాడు. నేనే ధైర్యం చేసి ఇచ్చాను. ఆయన చదివారు. మళ్ళీ చదివారు. మొహం వెలిగిపోయింది.

"చూశావా తమ్ముడూ, ఈయన నౌకలో కూర్చుని చదివాడు. కూర్చోకపోతే పెట్రోలు సంగతి తట్టదు."

"తప్పు పట్టాడండీ" అన్నాను నేను.

"అవును. ఎంత శ్రద్ధగా పట్టాడో" అన్నారు.

ఆ సాయంత్రమే వెళ్ళి ముద్ర చేయించుకొచ్చారు. లారీ డ్రైవరు నవలలోని ఏడవ పటాలానికి ప్రధాన ఇంధనాధికారి అయ్యాడు. ఆ పత్రం లామినేషన్ చేయించి లారీలో అద్దం పైన తగిలించుకున్నాడు. దారిలో ఎవరడిగినా కథంతా చెప్పేవాడు. విన్నవాళ్ళు పుస్తకం కొనేవారు, తప్పు కోసం వెతికేవారు. రెండో పుస్తకానికి నలభై ఉత్తరాలు వచ్చాయి. నాలుగో పుస్తకానికి పోస్టుమాన్ మాకు విడిగా ఒక సంచి తేవడం మొదలుపెట్టాడు.

పత్రికల్లో రాసే ఒక విమర్శకుడుండేవాడు, మహా కటువు. "ఈ రచయితకు యుద్ధమూ తెలియదు, అంతరిక్షమూ తెలియదు. లిఫ్టులు మాత్రం తెలుసు. సేనాధిపతి తన దళాన్ని తూర్పుకు కదలమంటాడు. అంతరిక్షంలో తూర్పు ఎక్కడుందో మాకు కూడా చూపిస్తే సంతోషిస్తాం" అని ఉతికి ఆరేశాడు. మేమంతా జనరల్ గారిని ఎలా ఓదార్చాలా అని ఆలోచిస్తుంటే, ఆయన పత్రిక చేత్తో పట్టుకుని నవ్వుతూ వచ్చారు.

"తూర్పు. నాకు తట్టనే లేదు. ఎంత బాగా పట్టాడయ్యా మహానుభావుడు."

విమర్శకుడికి "శత్రుపక్ష గూఢచారి, ప్రథమ శ్రేణి" అని పత్రం వెళ్ళింది. ఆయన దాన్ని చించి పారేశాడనుకున్నాం. తర్వాత ఆయన భార్య చెప్పింది, చట్రం కట్టించి ముందుగదిలో పెట్టాడట. అప్పటినుంచి జనరల్ గారి ప్రతి పుస్తకాన్నీ రెండుసార్లు చదివి గాని సమీక్ష రాయలేదు. ఎక్కడ ద్వితీయ శ్రేణికి దిగిపోతానోనని బెంగ.

ఏటా ఒకసారి పాఠకుల సమావేశం జరిగేది. ఒక ఫర్నిచర్ కొట్టు మీద మేడగది అద్దెకు తీసుకునేవాళ్ళం. అక్కడ కుర్చీలు హోదా ప్రకారం వేసేవారు. ఒక ఏడాది వచ్చినవాళ్ళలో ఒక బ్యాంకు మేనేజరున్నాడు, పట్టింది ఒకే తప్పు, అదీ అచ్చుతప్పు, కాబట్టి సార్జెంటు. ఆయనకు జుట్టు కత్తిరించే బార్బరు కూడా వచ్చాడు. ఆయన మేజరు. భారం లేని నౌకలో కెప్టెన్ గడ్డం గీసుకుంటే వెంట్రుకలు కిందపడ్డాయని జనరల్ గారు రాశారు. "కింద ఎలా పడతాయండీ, ముక్కులోకి పోతాయి గానీ" అని రాసిన ఉత్తరానికి ఆయనకు ఒకేసారి రెండు మెట్లు దక్కాయి.

బ్యాంకు మేనేజరు ముందు వరసలో కూర్చోబోయాడు. లారీ డ్రైవరు, అప్పటికి ఆయన కూడా మేజరే, వెళ్ళి చెవిలో చెప్పాడు.

"సార్, మీ కుర్చీ వెనకాల. ఇది మేజర్లది."

"ఇతను మా బార్బరండీ."

"ఇక్కడ మేజరండీ."

బ్యాంకు మేనేజరు కాసేపు తటపటాయించి, లేచి వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజంతా నోటుపుస్తకం తీసి తప్పులు వెతుక్కుంటూనే ఉన్నాడు. మరుసటి ఏడాదికల్లా కెప్టెన్ అయ్యాడు. బార్బరు మాత్రం ఆ ఒక్కరోజూ నిటారుగా కూర్చున్న తీరు నేనింకా మర్చిపోలేదు. గంటసేపు భారరహితంలో కత్తెర ఎలా పట్టాలో మాట్లాడాడు. నర్సులు, గడియారాలు బాగుచేసేవాళ్ళు, స్కూలు బస్సు నడిపేవాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. జనరల్ గారు మూల కుర్చీలో కూర్చుని రాసుకుంటూ ఉండిపోయారు.

ఇంతమందిలోకీ పై హోదా ఒకరిది. ఆయన కల్నల్. ఒక్కసారైనా సమావేశానికి వచ్చినవాడు కాదు. దూరపు ఊళ్ళో ఉండేవాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రైళ్ళ టైంటేబుల్ తయారుచేసిన మనిషి. చీమల బారులాంటి అక్షరాలతో కార్డు మీద రాసేవాడు. పొగడ్త లేదు, పలకరింపు లేదు. "పేజీ 74. నౌక ఆరుకు బయలుదేరింది. ప్రయాణం నలభై నిమిషాలన్నారు. ఆరున్నరకు చేరింది. పది నిమిషాలు ఏమైనట్టు?" అంతే. పుస్తకం వచ్చిన పదో రోజుకల్లా కార్డు వచ్చి తీరేది. పదకొండో రోజైతే జనరల్ గారు గుమ్మంలో పచార్లు చేసేవారు.

పదో పుస్తకానికి మాత్రం ఆయన కార్డు రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది. "ఆలస్యానికి మన్నించాలి. ఇంట్లో ఆవిడ కాలం చేసింది. పేజీ 143లో కాపలా మారే వేళ తప్పు" అని ఉంది. పదకొండో పుస్తకానికి కార్డే రాలేదు. జనరల్ గారు మూడు ఉత్తరాలు రాశారు. జవాబు లేదు.

అదే సమయంలో మా నెత్తిన ఇంకో పిడుగు పడింది. గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసే సంఘం ఒకటుండేది. "ఈ రచయిత పుస్తకాలు తప్పుల తడకలు, చదివే పిల్లలు చెడిపోతారు" అని పదకొండో పుస్తకాన్ని తిప్పి పంపింది. యజమాని మా ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. ఆయనకు కోపమొస్తే పేపర్‌వెయిట్ బొంగరంలా తిప్పుతాడు. ఆవేళ రెండు తిప్పుతున్నాడు.

"పన్నెండో పుస్తకంలో ఒక్క తప్పు, ఒకే ఒక్క తప్పు కనబడిందా, సిరీస్ అక్కడితో ఆగిపోతుంది. ఏమయ్యా ప్రూఫులూ, నీ ఉద్యోగం కూడా."

ఇంటికి వెళ్ళి, అసలు నా కళ్ళకేం రోగం వచ్చిందో తెలుసుకుందామని పాత ప్రూఫుల కట్టలు దించాను. పదకొండో పుస్తకం, అరవై ఒకటో పేజీ. నర్సు ఒకామె పట్టిన తప్పు: సైనికుడికి ఎడమ చేతికి గాయమైతే కుడిచేతికి కుట్లు వేశారు. చూద్దును కదా, ఆ తప్పును నేను పట్టాను. ఎర్రసిరాతో గుండ్రంగా చుట్టి, "ఎడమ" అని దిద్దాను. అచ్చులో మళ్ళీ "కుడి" వచ్చింది. ఇంకో కట్ట తీశాను. అక్కడా అంతే. దిద్దిన తప్పులన్నీ తిరిగొచ్చి తమ తమ స్థానాల్లో కూర్చున్నాయి.

కట్టలు చంకన పెట్టుకుని జనరల్ గారింటికి పరుగెత్తాను. ఆయన ఇంట్లో లేరు. ఆయన భార్య తలుపు తీశారు. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. నేను వదినా అని పిలిచేవాణ్ణి.

"వదినా, అచ్చాఫీసులో ఎవరో నామీద కక్షగట్టారు. చూడు, నేను దిద్దినవన్నీ మళ్ళీ తప్పు చేశారు."

ఆవిడ కాగితాలు చూసి, కళ్ళజోడు పైకి తోసుకుని, నవ్వాపుకోలేక కుర్చీలో కూర్చుండిపోయారు.

"కక్షా లేదు, గిక్షా లేదు. అది మీ అన్నగారి పని. ఆఖరిసారి చూసొస్తానని ప్రెస్సుకు వెళతారు చూడు, అప్పుడు పెట్టొస్తారు."

"ఏం పెట్టొస్తారు?"

"తప్పులు. ఏం, ఆయన లెక్కలన్నీ నేను చూడకుండా బయటికి పోతాయా? నౌకల వేగం, దూరం, ఇంధనం, అన్నీ నేనే వేసిస్తాను. పుస్తకం పూర్తయ్యేసరికి అద్దంలా ఉంటుంది. అప్పుడు కూర్చుని ఆలోచిస్తారు, ఎవరికి ఏ తప్పు బాగుంటుందా అని. ఇంధనం తప్పు లారీ ఆయనకి. కుట్ల తప్పు నర్సుకి. టైములన్నీ ఆ టైంటేబుల్ ఆయనకి."

"అయితే ఆ మొదటి ఇంధనం తప్పు కూడా..."

"అదొక్కటీ నిజం తప్పే. అప్పటికి నేనింకా స్కూల్లో ఉన్నాను, చూడలేదు. ఆ ఉత్తరం వచ్చాకే ఈ వ్యవహారం మొదలైంది."

ఇంతలో జనరల్ గారు కూరగాయల సంచితో వచ్చారు. నా చంకలో కట్టలు చూడగానే విషయం అర్థమైపోయింది. సంచి కింద పెట్టి, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డారు.

"ఆరేళ్ళుగా నన్ను బూట్ల సంరక్షకుణ్ణి చేశారు కదండీ" అన్నాను.

"ఎవరిమీదో ఒకరిమీద వెయ్యాలి కదా తమ్ముడూ. రచయిత తప్పంటే జాలిపడి చెప్పకుండా ఊరుకుంటారు. ప్రూఫుల తప్పంటే ఎవరికీ జాలి ఉండదు" అన్నారాయన.

నేను కోపంగా కూర్చున్నాను. ఆయన నా పక్కన కూర్చున్నారు.

"నేను ముప్పై ఒక్క ఏళ్ళు తప్పులు పట్టాను. ఏ ఆఫీసుకు వెళ్ళినా, ఇదిగో ఈ గొలుసు అరిగింది, మనుషులు పోతారు అని చెప్పేవాణ్ణి. మొహం చిట్లించుకుని సంతకం పెట్టి పంపేసేవారు. ఒక్కడంటే ఒక్కడు, కూర్చోండి, ఎలా కనిపెట్టారు అని అడగలేదు. నేను ఒక్కణ్ణే కాదుగా. ఆ బార్బరున్నాడు. పాతికేళ్ళుగా అందరి కబుర్లూ వింటాడు. కత్తెర గురించి నీకేం తెలుసో చెప్పు అని ఆయన్ని అడిగినవాడు లేడు. అడుగుదామంటే సిగ్గుపడతారు. అదే నువ్వు వాళ్ళ పనిని తప్పుగా రాయి, ఆగలేరు. అన్నీ చెబుతారు."

నేను కట్టలు బల్ల మీద పెట్టేశాను.

"ఇప్పుడు నా బెంగంతా ఆ కల్నల్ గురించి" అన్నారు.

"ఓసారి వెళ్ళి చూసి రావచ్చు కదండీ."

"వెళ్ళి ఏమంటాను? ఎలా ఉన్నారంటే బాగున్నానంటాడు. టీ ఇస్తాడు. తాగి వచ్చేస్తాను. అంతటితో అయిపోతుంది. మళ్ళీ ఆయన కలం పట్టుకోవాలి. దానికి ఒకటే దారి."

ఆ దారేమిటో నాకు తెలుసు. ఆ దారిలోనే నా ఉద్యోగం కూడా ఉంది.

పన్నెండో పుస్తకాన్ని నేను ఎనిమిదిసార్లు చదివాను. వదిన లెక్కలన్నీ రెండుసార్లు చూశారు. కామా కూడా పక్కకు జరగలేదు. ఆఖరి ప్రూఫు ప్రెస్సుకు పోయే రోజు పొద్దున్నే జనరల్ గారు నా టేబులు దగ్గరకొచ్చారు. ఈసారి చాటుగా కాదు, నా ఎదుటే.

"ఒక్కటి తమ్ముడూ. నీ ఉద్యోగం సంగతి నాకు తెలుసు. నువ్వు వద్దంటే పెట్టను."

"ఏమిటది?"

"గురువారం బయలుదేరిన నౌక బుధవారం చేరుతుంది."

"ముందు బుధవారమా?"

"ముందు రోజే. టైంటేబుల్ వేసిన మనిషి అది చూసి భరించగలడా చెప్పు."

కిటికీలోంచి బయటికి చూశాను. మా ఆవిడ మొహం, ఇంటి అద్దె, యజమాని పేపర్‌వెయిట్లు, అన్నీ ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. ఆ తర్వాత ఖాళీ ఇంట్లో పుస్తకం తెరవకుండా కూర్చున్న మనిషి కనిపించాడు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ చీమల అక్షరాలు మాత్రం పదేళ్ళుగా చూస్తున్నాను. ఎర్రసిరా కలం తీసి, "శుక్రవారం" కొట్టేసి, నా చేత్తోనే "బుధవారం" అని రాశాను.

పుస్తకం బయటికి వచ్చిన వారానికే ఊరంతా నవ్వు. బస్సుల్లో నవ్వారు, ఆఫీసుల్లో నవ్వారు. ఎవరైనా ఆలస్యంగా వస్తే "ఏడవ పటాలం నౌకలో రాలేకపోయావా, నిన్ననే చేరేవాడివి" అనడం మామూలైపోయింది. ఉత్తరాలు సంచులు సంచులుగా వచ్చి పడ్డాయి. మూడో వారం యజమాని మమ్మల్ని పిలిపించాడు. నేను రాజీనామా రాసుకుని జేబులో పెట్టుకుని వెళ్ళాను.

టేబులు మీద ఉత్తరాల గుట్ట. పేపర్‌వెయిట్లు తిరగడం లేదు. యజమాని ఒక ఉత్తరం చేత్తో పట్టుకుని వింతగా చూస్తున్నాడు.

"ఇది ఎవరు రాశారో తెలుసా?"

"ఎవరండీ?"

"మా అమ్మ. నాతో చెప్పకుండా. బుధవారం సంగతి పట్టేశానని రాసింది. కింద సంతకం చూడండి. కెప్టెన్ అట. మా అమ్మ ఎప్పుడు కెప్టెన్ అయింది?"

"ఎనిమిదో పుస్తకానికండీ. సైనికుల దుప్పట్లు తడిగా ఉండగానే మడతపెట్టారని పట్టుకున్నారు. చాలా పదునైన కన్ను" అన్నారు జనరల్ గారు.

యజమాని ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఆ సంఘం వాళ్ళకి నేను చెప్పుకుంటాను. సిరీస్ ఆపేశానని ఇంట్లో మా అమ్మకి చెప్పడం నావల్ల కాదు. పదమూడోది ఎప్పుడిస్తారు?" అన్నాడు. నా రాజీనామా జేబులోనే నలిగిపోయింది.

ఇన్ని ఉత్తరాల్లోనూ ఆ ఒక్క కార్డు లేదు. పదో రోజు పోయింది. ఇరవయ్యో రోజు పోయింది. జనరల్ గారు రోజూ మధ్యాహ్నం ఆఫీసుకొచ్చి సంచి కుమ్మరించి వెతికేవారు. మిగతా ఉత్తరాలకు నియామక పత్రాలు తయారుచేసేవారు గానీ, ముద్ర వేసే చేతిలో మునుపటి ఊపు లేదు. "బుధవారం సరిపోలేదేమో తమ్ముడూ. అంతకంటే పెద్ద తప్పు నాకు చేతకాదు" అన్నారొకసారి.

నలభై మూడో రోజున వచ్చింది. ఈసారి కార్డు కాదు, కవరు. ఆఫీసు నుంచి వాళ్ళింటికి నేనే పట్టుకెళ్ళాను. ఆయన విప్పేలోపే వదిన తీసుకుని పైకి చదివారు.

"అయ్యా. బుధవారం సంగతి ఎదురింటివాళ్ళు చెప్పి నవ్వారు. అది మీరు నాకోసం పెట్టారని వెంటనే తెలిసింది. మీరు కావాలనే తప్పులు పెడతారని నాకు నాలుగో పుస్తకం నుంచీ తెలుసు. అంత శ్రద్ధగా రాసేవారు ప్రతిసారీ గడియారం దగ్గరే తడబడరు. పాపం, ఈయనకు ఉత్తరాలు రాసేవాళ్ళు ఎవరూ లేరు కాబోలు, ఈ వంకతో నాలుగు మాటలు కోరుకుంటున్నారు అనుకున్నాను. మా ఆవిడ కూడా, రాసెయ్యండి, ఆయన ఎదురుచూస్తుంటారు అని కార్డు తెచ్చి చేతిలో పెట్టేది. ఆవిడ పోయాక కార్డు తెచ్చేవాళ్ళు లేరు. బుధవారం తప్పుకు జవాబు రాయకూడదనే అనుకున్నాను. అది మరీ పసిపిల్లలు పట్టే తప్పు, నన్ను అంత తక్కువగా చూశారని కొంచెం నొచ్చుకున్నాను కూడా. అయినా పుస్తకం తెచ్చి చదివాను. పేజీ 88. శిబిరంలో రోజుకు ఇరవై నాలుగు గంటలన్నారు. మూడు జట్లు వంతులవారీగా కాపలా కాస్తాయన్నారు. ఒక్కో జట్టుకు తొమ్మిది గంటలన్నారు. ఎక్కువైన మూడు గంటలు ఏ రోజులోంచి తెచ్చారు? ఇది మాత్రం మీరు పెట్టింది కాదని నా అనుమానం."

వదిన చదవడం ఆపి, వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. లెక్కల టీచరు మూడు తొమ్మిదులు వేళ్ళమీద లెక్కపెట్టడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇరవై ఏడు" అన్నారు చిన్నగా.

నేను ఎనిమిదిసార్లు చదివిన పేజీ అది. నేలకేసి చూశాను.

జనరల్ గారు ఉత్తరం తీసుకుని తానే ఒకసారి చదువుకున్నారు. "నాకు ఉత్తరాలు రాసేవాళ్ళు లేరనుకున్నాడట" అన్నారు. ఆ తర్వాత మొదలైంది నవ్వు. కడుపు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. నవ్వయ్యాక లేచి చొక్కా మార్చుకున్నారు.

"ఎక్కడికి?" అన్నారు వదిన.

"ఇప్పుడు వెళ్ళొచ్చు. ఇప్పుడు మాట్లాడుకోవడానికి సంగతుంది."

ఆ సాయంత్రమే వెళ్ళి, వస్తున్నామని టెలిగ్రాం ఇచ్చి వచ్చారు. ముగ్గురం మర్నాడు పొద్దుటి రైలెక్కాం. సాయంత్రం నాలుగింటికి ఆ స్టేషన్లో దిగాం. ప్లాట్‌ఫాం మీద సన్నగా, నిటారుగా, శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కాతో ఒకాయన నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఆయనే అని చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది.

"ఆరు నిమిషాలు ఆలస్యం" అన్నాడు, అదే మొదటి మాట.

"ఆ మూడు తొమ్మిదులు నేను పెట్టినవి కావండీ" అన్నారు జనరల్ గారు, అదే జవాబు.

"తెలుసు. అందుకేగా రాశాను."

వదిన ముందుకొచ్చి, "నేనూ చూసుకోలేదండీ" అన్నారు.

"మీరు లెక్కల టీచరని విన్నాను."

"అవునండీ."

"అయ్యో" అన్నాడాయన, ఎంతో సానుభూతిగా.

అక్కడినుంచి జనరల్ గారూ కల్నలూ ముందు నడిచారు. జట్టుకు ఎనిమిది గంటలు చేస్తే సరిపోతుందని ఈయన, అలా చేస్తే జట్లు మారేటప్పుడు ద్వారం దగ్గర ఎవరూ ఉండరని ఆయన. మెట్లు దిగేసరికి ఆయన జేబులోంచి కాగితం తీసి గీతలు గీయడం, ఈయన నడుస్తూనే వంగి చూడటం మొదలైంది. దారిన పోయేవాళ్ళు పక్కకు తప్పుకుంటున్నారు.

వెనకాల సంచులు మోస్తూ నేనూ వదినా.

"ఏమయ్యా, ఇన్నేళ్ళూ వీళ్ళిద్దరిలో ఎవరు ఎవరిమీద జాలిపడినట్టు?" అని అడిగారావిడ.

"నన్నడక్కు వదినా" అన్నాను. "నేను రోజుకు ఇరవై ఏడు గంటలని ఎనిమిదిసార్లు ఒప్పుకున్నవాణ్ణి."